బీఎల్‌డీసీ సీలింగ్ ఫ్యాన్: శ్రీకాకుళం ఇంటి కరెంటు బిల్లుకు ఎంత మేలు?

పాత సీలింగ్ ఫ్యాన్ సుమారు 75 వాట్లు తీసుకుంటే, శ్రీకాకుళంలోని మా ఇంట్లో దాని స్థానంలో బిగించిన, బ్రష్‌లు లేని డీసీ మోటారుతో నడిచే బీఎల్‌డీసీ ఫ్యాన్ పూర్తి వేగంలోనూ 30 వాట్ల దగ్గరే ఆగుతుంది. రోజుకు 15 గంటలు తిరిగే ఒక్క ఫ్యాన్‌కే ఈ తేడా నెలకు 20 యూనిట్లు. పైగా మన కరెంటు పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ బిల్లులో వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర శ్లాబుల వారీగా పెరుగుతుంది కనుక, మిగిలేవి అన్నిటికంటే ఖరీదైన పై శ్లాబు యూనిట్లే. సముద్రపు తేమతో ఉక్కపోసే మన జిల్లాలో, పసిపిల్లలూ పెద్దవాళ్లూ ఉన్న ఇంట్లో, ఫ్యాన్ ఆపి పొదుపు చేయమనడం నాకు న్యాయంగా తోచదు. అందుకే ఈ మార్పును మనస్ఫూర్తిగా సమర్థిస్తాను.

వోల్టేజీ తగ్గినా వేగం పెద్దగా తగ్గదు. ఇన్వర్టర్ మీద ఎక్కువసేపు నడుస్తుంది. 2018లో తిత్లీ వంటి తుపాను తాకిన తీరంలో ఇది చిన్న విషయం కాదు.

ధర మాత్రం మామూలు ఫ్యాన్ కంటే బాగా ఎక్కువ, మూడు వేల రూపాయల దరిదాపుల్లో ఉంటుంది. లోపలి సర్క్యూట్ బోర్డు పాడైతే వైండింగ్ చేసే మెకానిక్ బాగుచేయలేడు కాబట్టి, వారంటీ కాలాన్నీ, దగ్గరలో సర్వీస్ ఉందో లేదో కూడా దుకాణంలోనే అడగాలి. రిమోట్‌తో వేగం మార్చే ఫ్యాన్ అయితే పాత రెగ్యులేటర్‌ను తీయించాలి. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు కరెంటు పొదుపును తెలిపే స్టార్ లేబుల్ తప్పనిసరి కనుక, దాన్ని చూశాకే డబ్బు చెల్లించండి. చుట్టాలు వచ్చినప్పుడే వాడే గదికి ఈ ఖర్చు అనవసరం. రాత్రంతా ఫ్యాన్ తిరిగే పడకగదితో మొదలుపెట్టండి.