చెక్‌ప్యాచ్: శైలి వాదం ఎక్కడ ఆగాలి?

లినక్స్ కెర్నెల్ (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) సోర్సులోని స్క్రిప్ట్స్ డైరెక్టరీలో 2007 నుంచి ఉంటున్న చెక్‌ప్యాచ్ అనే పెర్ల్ ప్రోగ్రాము, మనం పంపబోయే ప్యాచ్‌ను (కోడ్‌లో చేసిన మార్పుల ఫైలును) చదివి, కోడింగ్ శైలి తప్పిన చోట్లను ఎర్రర్, వార్నింగ్, చెక్ అనే మూడు స్థాయుల్లో చూపిస్తుంది. నెట్‌వర్క్ డ్రైవర్లు (నెట్‌వర్క్ కార్డులను నడిపే కోడ్) రాసేవారికీ సమీక్షించేవారికీ ఇది ఎంతో అవసరమైన సాధనమని నా గట్టి అభిప్రాయం. ట్యాబ్‌కు బదులు స్పేసులున్నాయని సాటి మనిషి చెబితే నొచ్చుకునేవారు కూడా, అదే మాట ప్రోగ్రాము చెబితే మారు మాట్లాడకుండా దిద్దుకుంటారు.

అయితే దీన్ని ఉన్నదున్నట్టుగా వాడితే నెట్‌వర్కింగ్ విభాగానికి సరిపోదు. వరుస పొడవు పరిమితిని 2020లో 80 అక్షరాల నుంచి 100కు పెంచారు; నెట్‌వర్కింగ్ నిర్వాహకులు మాత్రం ఇప్పటికీ 80నే కోరుకుంటారు కనుక ఆ పరిమితిని మనమే ఇవ్వాలి. మూడో స్థాయి సూచనలు మామూలుగా స్ట్రిక్ట్ ఎంపికతో నడిపితేనే బయటపడతాయి, నెట్‌వర్కింగ్ డైరెక్టరీల్లోని ఫైళ్లకు మాత్రం అవి వాటంతట అవే వస్తాయి. లోకల్ వేరియబుల్ డిక్లరేషన్లను పొడవైన వరుసతో మొదలుపెట్టి పొట్టి వరుసతో ముగించాలన్న ఈ విభాగపు ప్రత్యేక నియమాన్ని ఇది అసలు పరిశీలించదు.

నేను పాల్గొన్న ఒక సమీక్షలో సరిగ్గా ఆ డిక్లరేషన్ల వరుస మీదే రెండు విడతల చర్చ జరిగింది. ప్యాకెట్ పంపే ఫంక్షన్‌లో మూడో ఫ్రాగ్మెంటుకు (ప్యాకెట్ ముక్కకు) డీఎంఏ మ్యాపింగ్, అంటే కార్డు నేరుగా చదివేలా మెమరీని సిద్ధం చేయడం, విఫలమైతే అంతకుముందు మ్యాప్ చేసినవాటిని విడుదల చేయడం లేదన్న సంగతి మూడో విడతలో గాని మా కంటపడలేదు. అన్నాళ్లూ చెక్‌ప్యాచ్ తప్పులేవీ లేవనే చెబుతూ వచ్చింది. అది చూసేది కోడ్ రూపాన్నే గాని నడకను కాదు కనుక ఆ లోపాన్ని దానికి అంటగట్టలేను. లోపం మాది, ఆ విషయంలో నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. అప్పటి నుంచి నేను ముందుగా ఎర్రర్ దారులను (ఏదైనా విఫలమైనప్పుడు కోడ్ నడిచే మార్గాలను), ప్యాకెట్ల క్యూ ఆపి మళ్లీ లేపే చోట్లను చదివిన తర్వాతే శైలి జోలికి వెళుతున్నాను.

లాగ్ సందేశాల వాక్యాలను రెండు వరుసలుగా విరవవద్దని ఈ సాధనం హెచ్చరించడం నాకు బాగా నచ్చింది, ఎందుకంటే విరిచిన వాక్యం ఫైళ్లలో పదాలు వెతికే గ్రెప్‌కు దొరకదు. దానంతట అదే దిద్దే సౌకర్యాన్ని మాత్రం పాత డ్రైవర్ల మీద ప్రయోగించవద్దని కోరుతున్నాను. అలాంటి శుభ్రత ప్యాచ్‌ల వల్ల అసలైన సవరణలను పాత స్థిర వెర్షన్లకు చేర్చడం కష్టమవుతుంది. అందుకే అవి విడిగా వస్తే నిర్వాహకులు ప్రోత్సహించరు.