కలలో పాముకి నిమిషం లెక్కన డబ్బులు: ఒక జ్యోతిష్యం ఆప్ మీద నా రివ్యూ

ఐదుకి ఒకటిన్నర ఇస్తున్నాను. ఆ ఒకటిన్నర కూడా ఎందుకంటే, రాత్రి పదకొండు దాటాక కూడా చక్కగా తెలుగులో మాట్లాడే మనిషి వెంటనే లైన్లోకి వచ్చాడు, ఫోన్ మధ్యలో కట్ కాలేదు. మిగతాదంతా చదివి, మీ ఇంట్లో ఆడవాళ్ళ ఫోన్లో ఇలాంటి ఆప్ ఉంటే ఉంచాలా తీసెయ్యాలా మీరే తేల్చుకోండి. ఆప్ పేరు రాయను. ఇదొక్కటే అయితే రాసేదాన్నేమో, కానీ మేం తర్వాత తిరగేసిన మిగతావి కూడా ఇదే దారిలో నడుస్తున్నాయి.

ఫోన్ చేసింది మా అక్క, పక్కన కూర్చుని స్పీకర్లో విన్నది నేను. అక్కకి పెళ్ళయి చాలాకాలమైంది, పిల్లల కోసం ట్రీట్‌మెంట్ నడుస్తోంది. ఆ రోజుల్లో తనకి తరచూ ఒకటే కల. వంటింట్లో బియ్యం డబ్బా వెనక నల్లటి పాము ఉంటుంది, పడగ విప్పదు, బుస కొట్టదు, ఊరికే చూస్తూ ఉంటుంది. స్టవ్ మీద పాలు పొంగుతుంటాయి, అక్క వెళ్ళి ఆపాలి, కాళ్ళు కదలవు. మెలకువ వచ్చేసరికి చెమటలు. అమ్మకి చెబితే "నాగులచవితికి పుట్టలో పాలు పోస్తానని మొక్కుకోవే, అదే పోతుంది" అంది. అమ్మ మాటతో అక్క కాస్త కుదుటపడింది కూడా. కానీ అర్ధరాత్రి మెలకువ వచ్చి ఫోన్ తీసి "కలలో నల్ల పాము" అని వెతికితే ఏం జరుగుతుందో తెలుసు కదా, పది నిమిషాల్లో ఈ ఆప్ ప్రకటన ముందుకొచ్చేసింది.

పేరు, పుట్టిన తేదీ, టైము, ఊరు కొడితే మొదటి కొన్ని నిమిషాలు ఉచితం, ఆ తర్వాత మీటర్. ఇక్కడి నుంచి జాగ్రత్తగా వినండి. "లైన్లోనే ఉండండమ్మా, చక్రం వేస్తున్నాను" అని గురువుగారు మౌనంలోకి వెళ్ళారు. ఉచితం అయిపోయేదాకా చక్రం తయారు కాలేదు. మీటర్ మొదలయ్యాక ప్రశ్నలు మొదలయ్యాయి: పాము నలుపా తెలుపా, కరిచిందా తరిమిందా, ఎన్ని పాములు, ఇంట్లోనా బయటా. అంతవరకూ బాగానే ఉంది, కల చెప్పేవాళ్ళు అడిగేవే ఇవి. ఆ తర్వాత "పిల్లలెంతమందమ్మా?" అన్నారు. లేరండీ అని అక్క అనగానే ఆయన గొంతు మారిపోయింది. "అదీ సంగతి. నేను అడగక ముందే అనుకున్నాను. మీ వంశంలో ఎవరో గర్భంతో ఉన్న నాగుపాముని చంపారు, అది మిమ్మల్ని వదల్లేదు. కలలో వచ్చేది ఆ పామే."

మా అక్క ముఖం నేను చూశాను. ఆ ముఖం చూశాక ఈ రివ్యూ రాయకుండా ఉండలేకపోయాను.

వెంటనే పరిహారం వచ్చింది: మా పేరు మీద వాళ్ళే హోమం చేయించి వీడియో పంపుతారట, ఖర్చు అక్క సగం నెల జీతం, ఈ అమావాస్య దాటితే దోషం ముదురుతుందట. బావ జాతకం అడగలేదు. ట్రీట్‌మెంట్ సంగతి అడగలేదు. పిల్లలు కలగకపోవడానికి కారణం సగం కేసుల్లో మగవాళ్ళ వైపు కూడా ఉంటుందని ఏ డాక్టర్ని అడిగినా చెబుతారు, అందుకే ఇద్దరికీ పరీక్షలు రాస్తారు. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన లెక్క ప్రకారం ప్రతి ఆరుగురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ ఇబ్బంది పడుతున్నారు. ఇంతమంది వంశాల్లోనూ పాముల్ని చంపినవాళ్ళే ఉన్నారా?

నేను నమ్మకాల మీద దండెత్తడానికి రాయట్లేదు. మా ఇంట్లో ఉగాదికి పంచాంగం వస్తే వెనక పేజీల్లో బల్లి శాస్త్రం, స్వప్న ఫలాలు చదువుకుంటూ పెరిగినవాళ్ళం. నాకు కోపం ఎందుకంటే, ఆ శాస్త్రాన్ని అడ్డం పెట్టుకుని వ్యాపారం చేస్తూ ఆ శాస్త్రం చెప్పేదాన్ని కూడా సరిగా చెప్పట్లేదు. మనవాళ్ళు పాముని చెడ్డ సూచన అని ఒక్క ముక్కలో కొట్టేయలేదు. పాము కరిచినట్టు కల వస్తే ధనలాభం అంటారు, తరిమితే శత్రుభయం అంటారు, తెల్ల పాము కుడి చేతిని కరిస్తే డబ్బొస్తుందని పాత శ్లోకాలున్నాయి. చాలా ఇళ్ళల్లో పెళ్ళయిన అమ్మాయికి కలలో పాము కనిపిస్తే కడుపు పండుతుందనే అనుకుంటారు, సుబ్బారాయుడు కనిపించాడని సంతోషపడతారు. ఇన్ని ఉండగా, ఎదుటి మనిషికి పిల్లలు లేరని తెలియగానే అందులో అన్నిటికంటే భయపెట్టేదాన్ని ఏరి చేతిలో పెట్టడం ఏం శాస్త్రం?

ఇంకా వెనక్కి వెళ్దాం. చరక సంహిత అనే పాత ఆయుర్వేద గ్రంథంలో ఇంద్రియస్థానం అని ఒక భాగం ఉంది, అందులో కలలు ఏడు రకాలని చెప్పారు: చూసినవి, విన్నవి, అనుభవించినవి, కోరుకున్నవి, ఊహించుకున్నవి, జరగబోయేదాన్ని సూచించేవి, ఒంట్లో వాత, పిత్త, కఫ దోషాల వల్ల వచ్చేవి. వీటిలో మొదటి అయిదింటికీ ఫలం లేదని అక్కడే ఉంది. పగటి కలకి, మరీ పొట్టి కలకి, మరీ పొడుగు కలకి కూడా ఫలం లేదట. చెడ్డ కల వచ్చి, వెంటనే మళ్ళీ నిద్రలో మంచి కల వస్తే మంచి ఫలమే అనుకోమన్నారు. అంటే అంత పాతకాలం వైద్యుడు కూడా కల వినగానే ఫలం చెప్పెయ్యలేదు, ముందు అది ఏ రకం కలో తేల్చుకోమన్నాడు. మా అక్క సంగతే తీసుకోండి. అపార్ట్‌మెంట్ వెనక ఖాళీ స్థలంలో వానాకాలం పాము వచ్చి, వాచ్‌మన్ కర్ర పట్టుకుని నిలబడితే అందరితో పాటు పైనుంచి చూసింది. ఏ పేరంటానికి వెళ్ళినా ఎవరో ఒక పిన్నిగారు "నాగదోషం ఉందేమో ఒకసారి చూపించుకోకూడదూ" అంటూనే ఉంటారు. చూసింది ఒకటి, విన్నది ఒకటి, రెండూ కలిసి కలలోకి వచ్చాయి. చరకుడి లెక్కలో ఆ కల అక్కడితో సరి. ఈ రెండు విషయాలు అక్క నోటి నుంచి రావడానికి ఒక్క ప్రశ్న చాలు, "ఈమధ్య పాముని ఎక్కడైనా చూశావా తల్లీ" అని. నిమిషం నిమిషానికీ డబ్బు తీసుకున్న మనిషి ఆ ప్రశ్న అడగలేదు.

తెల్లవారుజాము కల నిజమవుతుందని కూడా ఆయన గట్టిగా నొక్కి చెప్పారు. కలలు ఎక్కువగా వచ్చే నిద్ర దశని 1953లో గుర్తించారు, దాన్ని రెమ్ నిద్ర అంటారు. రాత్రి గడిచేకొద్దీ ఆ దశ పొడుగు పెరుగుతూ చివరి గంటల్లో అన్నిటికంటే ఎక్కువగా ఉంటుంది. అందుకే అందరికీ తెల్లవారుజామునే కలలు ఎక్కువ, వెంటనే లేస్తాం కాబట్టి గుర్తుండేవీ అవే. పైగా టెన్షన్‌తో రాత్రంతా లేస్తూ పడుకుంటూ ఉండే మనిషికి, మామూలుగా మరిచిపోయే కలలు కూడా గుర్తుండిపోతాయి. అక్క పరిస్థితి అచ్చంగా ఇదే.

పామే ఎందుకు అంటారా, మనకి పాము భయం ఊరికే రాలేదు. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో ఏడాదికి సగటున 58,000 మంది చనిపోయారని 2020లో వచ్చిన పరిశోధన అంచనా వేసింది, ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో మన తెలుగు నేల కూడా ఉంది. పొలం గట్టు మీద చీకట్లో నడిచిన తాతల మనవళ్ళం మనం.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట, ఈ రివ్యూలో ఇంకేం చదవకపోయినా ఇది చదవండి. పల్లెటూళ్ళలో కింద చాప వేసుకుని పడుకున్నవాళ్ళని రాత్రిపూట కట్లపాము కరుస్తుంది. దాని కాటు చాలాసార్లు పెద్దగా నొప్పి పుట్టదు, గాటు కూడా సరిగా కనబడదు. తెల్లారి లేచాక కడుపునొప్పి, వాంతులు, కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం మొదలవుతాయి. ఎవరైనా "రాత్రి పాము కరిచినట్టు కల వచ్చింది" అని ఈ లక్షణాలతో లేస్తే కలకి అర్థం వెతుక్కుంటూ కూర్చోకండి, వెంటనే 108కి ఫోన్ చేసి యాంటీ వెనమ్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళండి. పాము కల చెప్పే ఏ ఆప్‌లోనైనా మొదటి లైన్లో ఉండాల్సిన మాట ఇది. ఈ ఆప్‌లో ఎక్కడా లేదు.

డబ్బులు కట్టి తీసుకునే లిఖిత రిపోర్టు కూడా చూశాం, ఫోన్ కాల్ అయ్యాక బ్యాలెన్స్‌లో మిగిలినదానితో. పేరు, నక్షత్రం తప్ప మిగతాదంతా ఎవరికైనా సరిపోయే మాటలే. మూడో పేజీలో నల్ల పాము పదోన్నతికి సూచన, అయిదో పేజీలో అదే నల్ల పాము ప్రాణగండం. చివరి పేజీ నిండా హోమాల ధరల పట్టీ, అందులో "సంతాన ప్రాప్తి కవచం" ఒకటి. 1954లో వచ్చిన డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం మంత్రాలతో, తాయెత్తులతో, కవచాలతో కొన్ని జబ్బులు నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వకూడదు, ఆ జబ్బుల పట్టీలో ఆడవాళ్ళ సంతానలేమి ఉంది. డెబ్బై ఏళ్ళ నాటి చట్టం. ఫోన్లలో మాత్రం కవచాలు దర్జాగా అమ్ముడుపోతున్నాయి.

అక్కకి మనసులో ముల్లు దిగబడిపోయింది కాబట్టి, బావ తనని శ్రీకాళహస్తి తీసుకెళ్ళాడు. ఈ అనుభవాన్ని ఆప్ అనుభవం పక్కన పెట్టి చూస్తే తేడా మీకే తెలుస్తుంది. అక్కడ రాహుకేతు పూజకి వందల్లో మొదలయ్యే టికెట్లున్నాయి, రేటు బోర్డు మీదే ఉంటుంది, పూజ సామాను వాళ్ళే ఇస్తారు. రాహుకాలంలో రద్దీ ఎక్కువ, కొంచెం ముందే వెళ్ళడం మంచిది. వరుసల్లో కూర్చోబెడతారు, ముందు గుడ్డ పరిచి రాహువుకి మినుములు, కేతువుకి ఉలవలు, రెండు చిన్న నాగపడగలు. పంతులుగారు మైకులో చెబుతుంటే అందరూ పసుపు, కుంకుమ వేస్తారు. గంట కూడా పట్టదు. "మీకేం దోషం, కలలో ఏం వచ్చింది" అని ఎవరూ అడగరు, ఎవరినీ భయపెట్టరు. తర్వాత వాయులింగ దర్శనం, జ్ఞానప్రసూనాంబ దర్శనం. గర్భగుడిలో గాలి లేని చోట కూడా రెపరెపలాడే దీపం గురించి అక్క ఇంటికొచ్చాక చాలాసేపు చెప్పింది. మంచినీళ్ళ దగ్గర, క్యూలో తోపులాట దగ్గర ఇబ్బంది పడ్డారు, అది నిజమే. కానీ అక్క అక్కడి నుంచి తేలికపడి వచ్చింది. కృష్ణా జిల్లా వాళ్ళయితే మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వర స్వామి గుడి ఉంది, పిల్లల కోసం మొక్కుకునేవాళ్ళు తరతరాలుగా వెళ్ళే చోటు. నమ్మకం ఉంటే నేరుగా గుడికి వెళ్ళండి, మధ్యలో మీటర్ ఎందుకు?

కల మాత్రం ఆ తర్వాత కూడా వచ్చింది. దానికి పని చేసింది ఇంకోటి. టెలి మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, నంబరు 14416, పగలూ రాత్రీ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, పైసా తీసుకోరు. అక్కడ మాట్లాడినావిడ పాము రంగు అడగలేదు, "నిద్ర ఎలా పడుతోందమ్మా, ఇంట్లో ఎవరితో మాట్లాడుకుంటారు" అని అడిగింది. అక్క అరగంట ఏడ్చింది, ఆవిడ విన్నది. తర్వాత మా డాక్టరుగారు పంపిన కౌన్సెలర్ ఒక పద్ధతి చెప్పారు: మళ్ళీ మళ్ళీ వచ్చే పీడకలని పగలు మెలకువలో గుర్తు చేసుకుని, దాని ముగింపుని మనకి నచ్చినట్టు మార్చి, రోజూ కాసేపు ఆ కొత్త కథనే మనసులో నడిపించుకోవాలి. పీడకలలకి నిద్ర నిపుణులు సిఫారసు చేసే పద్ధతే ఇది. అక్క ముగింపులో పాము బియ్యం డబ్బా వెనక నుంచి మెల్లగా పెరటి తలుపు దాటి వెళ్ళిపోతుంది, తను పాలు దించేస్తుంది. ఇప్పుడు కల రావడం బాగా తగ్గింది.

సరదాగా రాశిఫలాలు చదువుకునేవాళ్ళు ఈ ఆప్ పెట్టుకుంటే నాకేం అభ్యంతరం లేదు, ఉచిత నిమిషాలు దాటకుండా చూసుకోండి చాలు. ఒంట్లో, ఇంట్లో ఏదో ఒక బాధతో ఉన్నవాళ్ళు మాత్రం దయచేసి దీని జోలికి వెళ్ళకండి.

ఇప్పటికే పెట్టుకున్నవాళ్ళకి: ఊరికే ఆప్ తీసేస్తే సరిపోదు, సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ముందు అకౌంట్ డిలీట్ చెయ్యండి, లేకపోతే "మీ దోష నివారణ పెండింగ్‌లో ఉంది" అని మెసేజ్‌లు వస్తూనే ఉంటాయి, అక్కకి ట్రీట్‌మెంట్ రిజల్ట్ కోసం ఎదురుచూస్తున్న రోజు కూడా వచ్చింది. యూపీఐలో ఆటోపే ఏమైనా ఆన్ అయి ఉందేమో చూసి రద్దు చెయ్యండి. ప్రకటనల ఫోన్లు ఆగకపోతే 1909కి చెప్పి డీఎన్‌డీ పెట్టించుకోండి. హోమం పేరుతో డబ్బు తీసుకుని చెయ్యకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. కాల్ వివరాలు, పేమెంట్ స్క్రీన్‌షాట్లు అకౌంట్ డిలీట్ చేసేముందే దాచుకోండి.