రావాల్సిన మెడల్ రికార్డులో లేదా? ఆర్టీఐ, సీపీగ్రామ్స్, రికార్డ్స్‌కు ఉత్తరం: ఏది మేలు?

వడ్డేపల్లి చెరువు కట్ట మీద పొద్దున నడిచేవాళ్లలో మాజీ సైనికులం ఓ పదిమందిమి ఉంటాం. నేను సర్వీసంతా క్లర్కుగా చేశానని తెలిసినప్పటి నుంచి నా నడక సాగడం లేదు. ఎవరో ఒకరు ప్లాస్టిక్ కవర్లోంచి డిశ్చార్జ్ బుక్, అంటే సర్వీసు ముగిశాక చేతికిచ్చే పుస్తకం, తీసి చూపిస్తారు. అడిగేది ఒకటే: "సాబ్, నాకు రావాల్సిన మెడల్ ఇందులో ఎక్కలేదు. ఆర్టీఐ వేయాల్నా, సీపీగ్రామ్స్‌లో పెట్టాల్నా, రికార్డ్స్‌కే రాయాల్నా?" ఆర్టీఐ అంటే సమాచార హక్కు దరఖాస్తు, సీపీగ్రామ్స్ అంటే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ ఫిర్యాదుల పోర్టల్, రికార్డ్స్ అంటే మన సర్వీసు కాగితాలు ఉంచే ఆఫీసు. మొన్న భూపాలపల్లి వైపు నుంచి ఒకాయన ఇది అడగడానికే బస్సెక్కి వచ్చాడు. అందరికీ ఒకేసారి రాసి పెడితే నా నడక నాకు దక్కుతుందని ఆశ.

పీపీఓ అంటే పింఛను మంజూరు కాగితమని మీకు చెప్పక్కర్లేదు. అయితే "మెడల్ రాలేదు" అన్నప్పుడు అందరి బాధా ఒకటి కాదు. కొందరికి రికార్డులో ఎక్కింది కానీ పతకం చేతికి రాలేదు. కొందరికి ఆఫీసు రికార్డులో ఉంది కానీ డిశ్చార్జ్ బుక్కులో రాయడం మరిచారు. ఇంకొందరికి అసలు పార్ట్ టూ ఆర్డరే, అంటే సర్వీసు వివరాలు రికార్డులో ఎక్కించే ఉత్తర్వే, పడలేదు. మొదటి రెండూ ఉత్తరంతో తేలే పనులు. మూడోదే కష్టం. తమది ఇందులో ఏదో తెలుసుకోకుండా నలుగురికీ నాలుగు దరఖాస్తులు పెట్టినవాళ్లే ఎక్కువగా తిరుగుతుంటారు.

మా పెద్దబాపు సంగతే చెబుతా. ఆయన 1971 యుద్ధంలో తూర్పు వైపు ఉన్నాడు. రెజిమెంట్ పేరు రాయను, ఆ ఆఫీసులో ఇప్పుడున్నవాళ్ల తప్పు కాదిది. ఆయన డిశ్చార్జ్ బుక్కుకు అట్ట ఊడిపోతే మా పెద్దమ్మ పిల్లల నోటు పుస్తకానికి వేసినట్టు ఖాకీ కాగితం వేసింది. పతకాల గడిలో నీలం సిరాతో ఒక్కటే లైను: 1972లో అందరికీ ఇచ్చిన స్వాతంత్ర్య 25వ వార్షికోత్సవ పతకం. సంగ్రామ్ మెడల్ లేదు, పూర్వీ స్టార్ లేదు. యుద్ధానికి పోకున్నా వచ్చేది ఎక్కింది, పోయినందుకు వచ్చేవి ఎక్కలేదు. యాభై ఏళ్లు ఆయన దాన్ని పట్టించుకోలేదు. కిందటేడు ఊళ్లో జెండా పండుగకు పిలిచి శాలువా కప్పితే, ఎవరో కుర్రాడు "తాతా, నీ మెడల్స్ ఏవి?" అన్నాడట. ఆ రాత్రే నాకు ఫోన్.

"పతకం ఇయ్యకున్నా మంచిదే బిడ్డా. బుక్కుల రాయమను. నా లెక్క తప్పు గావద్దు."

నేను ముందు చేసింది రికార్డ్స్‌కు ఉత్తరం కాదు, ఆర్టీఐ. నా మొగ్గు ఎటో ఇక్కడే తెలిసిపోయింది కాబట్టి కారణం కూడా చెబుతా. డిశ్చార్జ్ బుక్ అనేది మన చేతికిచ్చిన నకలు లాంటిది. అసలు లెక్క రికార్డ్స్‌లో ఉండే షీట్ రోల్‌లో ఉంటుంది. షీట్ రోల్‌లో ప్రతి మాటా ఏదో ఒక పార్ట్ టూ ఆర్డర్ మీద ఆధారపడి ఎక్కుతుంది. ఆ రెండింటిలో ఏముందో చూడకుండా "సరిచేయండి" అని రాస్తే, అవతల కూర్చున్న క్లర్కు షీట్ రోల్ తీసి చూసి "రికార్డు ప్రకారం అర్హత కనిపించడం లేదు" అని ఒక్క లైను రాసి పంపుతాడు. నేను ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణే, నేనైనా అదే రాసేవాణ్ణి. ఒకసారి ఆ లైను ఫైల్లో పడితే తర్వాత ఏ దారిన పోయినా దాన్నే చూపిస్తారు.

ఆర్టీఐకి ఖర్చు పది రూపాయలు, నకళ్లకు పేజీకి రెండు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోయినా, వచ్చింది సరిగ్గా లేకపోయినా 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేసుకోవచ్చు, దానికి ఫీజు లేదు. అసలు కిటుకు అడగడంలో ఉంది. "నాకు పూర్వీ స్టార్ ఎందుకు ఇవ్వలేదు?" అని అడిగితే అది సంజాయిషీ అడగడం. చట్టం వాళ్ల దగ్గరున్న కాగితం ఇమ్మంటుంది తప్ప సంజాయిషీ ఇమ్మనదు. అందుకని కాగితాలే అడగాలి: నా షీట్ రోల్ ధ్రువీకరించిన నకలు, నా నంబరు మీద పతకాల గురించి పడిన పార్ట్ టూ ఆర్డర్ల నకళ్లు, ఫలానా సంవత్సరాల్లో నేను పనిచేసిన యూనిట్ల వివరం. యూనిట్ పేరిట పతకాలు మంజూరైన ఆర్డర్‌లో నా పేరున్న భాగం కూడా అడగాలి. పెద్దబాపుకు ఇదే పనికొచ్చింది.

వచ్చిన కవర్లో పదకొండు పేజీలు. ఆర్డర్ నకలు మీద అక్షరాలు సగం చెరిగిపోయి ఉన్నాయి. కిటికీ దగ్గర వెలుతురుకు పెట్టి, స్కేలు ఒక్కో లైను కిందికి జరుపుతూ చదివాం. పెద్దబాపు పేరు ఉంది, సంగ్రామ్ మెడల్ ఉంది. పక్కన ఉన్న నంబరు మాత్రం ఆయనది కాదు. చివర్లో 69 ఉండాల్సిన చోట 96 పడింది. ఎవరో టైపు చేసేటప్పుడు రెండు అంకెలు తారుమారు చేశారు. ఆ పతకం ఇంకెవరి షీట్ రోల్‌లోకో పోయింది, లేదా ఎక్కడికీ పోక ఆగిపోయింది. ఆ కాగితం లేకుండా నేను ఎన్ని ఉత్తరాలు రాసినా ఎవరూ నమ్మేవారు కాదు.

మన వాళ్లకు ఈ తప్పు ఎక్కువ పడటానికి ఇంకో కారణం పేర్లు. ఇంటిపేరు ముందుండాలా వెనకుండాలా అన్నది భర్తీ నాడు రాసుకున్నవాడికి తెలియదు. మల్లయ్య ఒక కాగితంలో మలయా, ఇంకో కాగితంలో ఒట్టి మల్లా. ఆధార్‌లో ఇంకో రకం. కాబట్టి ఆర్టీఐలోనైనా ఉత్తరంలోనైనా ఆర్మీ నంబరు ముందు రాయండి, పేరు రికార్డులో ఎలా ఉందో అలాగే రాయండి, ఆధార్ పేరు పక్కన పెట్టండి.

ఆర్టీఐతో రికార్డు మారదు. అది చూపించేదే తప్ప దిద్దేది కాదు. దిద్దే అధికారం రికార్డ్స్‌దే, కాబట్టి రెండో అడుగు అక్కడికే పోవాలి. ఒక్క పేజీ ఉత్తరం, దానికి ఆర్టీఐలో వచ్చిన నకళ్లు, డిశ్చార్జ్ బుక్, పీపీఓ జిరాక్సులు. మీ కథంతా రాయొద్దు. "ఫలానా ఆర్డర్‌లో నంబరు తప్పు పడింది, సవరణ పార్ట్ టూ ఆర్డర్ వేసి షీట్ రోల్‌లో ఎక్కించి, డిశ్చార్జ్ బుక్కులో నమోదు చేయండి" అని రాస్తే చాలు. ఒరిజినల్ బుక్ వాళ్లు అడిగిందాకా పంపొద్దు. అడిగాక కూడా ప్రతి పేజీ రంగుల్లో నకలు తీసుకుని స్పీడ్ పోస్టులోనే పంపండి.

ఎక్కడికి పంపాలన్న దగ్గర కూడా చాలామంది పొరబడతారు. ఢిల్లీకి రాస్తే పెద్దవాళ్లు చూస్తారనుకుంటారు, అది తిరిగి తిరిగి మీ రికార్డ్స్‌కే వస్తుంది. ఆర్టిలరీ వాళ్లది నాసిక్ రోడ్, మద్రాస్ రెజిమెంట్ వాళ్లది వెల్లింగ్టన్, మద్రాస్ సాపర్స్ (ఇంజనీర్లు)ది బెంగళూరు, సిగ్నల్స్‌ది జబల్‌పూర్. ఈఎంఈ (వాహనాలు, యంత్రాల మరమ్మతు విభాగం), ఆర్డినెన్స్ (ఆయుధ, సామగ్రి సరఫరా విభాగం) వాళ్లు అదృష్టవంతులు, రెండూ సికింద్రాబాద్‌లోనే. కాజీపేటలో పొద్దున్న రైలెక్కితే ఆఫీసు వేళకు గేటు దగ్గరుండొచ్చు. నేవీ వాళ్లకు ముంబై మాన్‌ఖుర్ద్, ఎయిర్‌ఫోర్స్ వాళ్లకు ఢిల్లీ సుబ్రతో పార్క్.

ఇక సీపీగ్రామ్స్. మా కట్ట మీద దీనికి అభిమానులు ఎక్కువ. ఫోన్లో పెట్టొచ్చు, పైసా ఖర్చు లేదు, నంబరు వెంటనే వస్తుంది, 2024 ఆగస్టు నుంచి గడువు కూడా 21 రోజులకు తగ్గించారు. నేనూ కాదనను, పింఛను బకాయిల్లాంటి వాటికి బాగా పనిచేయడం చూశాను. మెడల్ విషయంలో ఆ గడువే అడ్డం వస్తుంది. యాభై ఏళ్ల నాటి ఆర్డర్ వెతకడం మూడు వారాల పని కాదు. గడువు లోపల ఫిర్యాదు మూయాలి కాబట్టి "విషయం సంబంధిత రికార్డ్స్‌కు పంపాం" అని జవాబు పెట్టి మూసేస్తారు. మీకు టిక్కు పడుతుంది, మెడల్ పడదు. అందుకే దీన్ని నేను మొదటి మెట్టుగా వాడను. రికార్డ్స్‌కు ఉత్తరం చేరి రెండు మూడు నెలలైనా ఉలుకూ పలుకూ లేకపోతే అప్పుడు వాడాలి. "ఫలానా తేదీన స్పీడ్ పోస్టులో పంపాను, రసీదు ఇదిగో, జవాబు లేదు" అని పెడితే ఫిర్యాదుకు పదును వస్తుంది. మూసేస్తే అప్పీలు కూడా ఉంది, చాలామంది దాన్ని వదిలేస్తారు.

సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పంపితే? పంపొచ్చు, నష్టం లేదు. వాళ్లు కవరింగ్ లెటర్ పెట్టి రికార్డ్స్‌కు పంపుతారు, దిద్దే అధికారం వాళ్లకు లేదు. ములుగు, ఏటూరునాగారం వైపు ఒంటరిగా ఉండే వీరనారులకు, ఇంగ్లిష్‌లో రాయలేనివాళ్లకు మాత్రం అదే మంచి దారి. భర్త పోయి ఉంటే ఆమే దరఖాస్తుదారు. పీపీఓలో ఆమె పేరున్న పేజీ, మరణ ధ్రువపత్రం జతచేయాలి.

సాయుధ దళాల ట్రిబ్యునల్ గురించి ఒక్క మాటే చెబుతా. రికార్డ్స్ కాదని రాతపూర్వకంగా చెప్పాకే అటు చూడాలి, చెప్పిన ఆరు నెలల్లోపు చూడాలి. మనకు చెన్నై బెంచ్. వకీలు ఫీజు, రానుపోను ఖర్చు లెక్కేసుకోండి.

శౌర్య పురస్కారాల సంగతి పూర్తిగా వేరు. సేనా మెడల్, వీరచక్ర లాంటివి గెజిట్‌లో వస్తాయి. గల్వాన్‌లో అమరుడైన సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబుకు 2021 గణతంత్ర దినాన మహావీర్ చక్ర ప్రకటిస్తే దేశమంతా చూసింది. అలాంటిది రికార్డులో ఎక్కకపోతే గెజిట్ నకలే సాక్ష్యం, ఆర్టీఐ దాకా పోనక్కర్లేదు. ఆలస్యం చేస్తే డబ్బు కూడా పోతుంది, శౌర్యానికి ఇచ్చిన సేనా మెడల్‌కే నెలకు 2,000 రూపాయల భత్యం ఉంది. మన సంగ్రామ్, ఓపీ విజయ్, హై ఆల్టిట్యూడ్, 9 ఏళ్లు, 20 ఏళ్ల సర్వీసు మెడల్స్‌కు పైసా రాదు. "పైసా రానిదానికి ఎందుకింత తిరుగుడు?" అని మా ఇంట్లోనే అన్నారు. పెద్దబాపు ముందు అనలేదు లెండి. కంటోన్మెంట్ దుకాణాల్లో నకలు పతకాలు, రిబ్బన్లు దొరుకుతాయి, కొని పెట్టుకోమని ఒకరు సలహా కూడా ఇచ్చారు. బుక్కులో లేనిది ఛాతీ మీద పెట్టుకునే మనిషైతే ఆయన యాభై ఏళ్లు ఊరుకునేవాడు కాదు.

రేపు చూద్దాం అనుకునేవాళ్లకు ఇంకో విషయం. పింఛను లేకుండా బయటికొచ్చినవాళ్ల సర్వీసు కాగితాలను 25 ఏళ్ల తర్వాత నాశనం చేస్తారు. మిగిలేది లాంగ్ రోల్ అనే పేర్ల పట్టిక ఒక్కటే, అందులో పెద్దగా వివరాలుండవు. పింఛనుదారులకు కొంత నయం. పది పన్నెండేళ్లు చేసి పింఛను రాకుండా వచ్చినవాళ్లు, ముఖ్యంగా 1999లో కార్గిల్ ప్రాంతంలో ఉండి ఆ తర్వాత తొందరగా బయటికొచ్చినవాళ్లు మీ తేదీలు ఇవాళే లెక్కపెట్టుకోండి. మీకైతే ఏది మేలన్న ప్రశ్నే లేదు. ముందు షీట్ రోల్ నకలు తెచ్చుకోండి, మిగతావి తర్వాత.

పెద్దబాపుకు సంగ్రామ్ మెడల్ తేలింది. ఉత్తరం పోయిన ఐదో నెలలో సవరణ ఆర్డర్ నకలు వచ్చింది, బుక్ పంపితే అదే గడిలో, నీలం లైను కింద, నల్ల సిరాతో రాసి ముద్ర వేసి పంపారు. పూర్వీ స్టార్ ఇంకా తేలలేదు. ఆ డిసెంబరులో ఆయన యూనిట్ ఎక్కడుందో చూపే కాగితం కోసం రెండో ఆర్టీఐ వేశాం. అక్నాలెడ్జ్‌మెంట్ ప్రింటు తీసిస్తే, మడిచి ఆ ఖాకీ అట్టలోనే పెట్టుకున్నాడు.