ఫ్లో లాంచర్: డీ డ్రైవ్ సంగతి తేల్చాకే అసలు వాడకం

విండోస్‌లో కీబోర్డుతో నడిచే ఉచిత లాంచర్లు (పేరు కొడితే ప్రోగ్రామునో ఫైలునో తెరిచేవి) చాలానే ఉన్నాయి. లాంచీ 2010 నాటి 2.5 దగ్గరే ఆగిపోయింది. కీపిరిన్హా వేగానికి వంక పెట్టలేం గానీ 2020 తర్వాత కొత్త వెర్షన్ రాలేదు, సెట్టింగులన్నీ ఐఎన్ఐ అనే టెక్స్ట్ ఫైళ్లలో చేత్తో రాసుకోవాలి. చాలాకాలంగా నేను వాడుతున్నది ఫ్లో లాంచర్. వోక్స్ అనే మరో లాంచర్ నుంచి చీలి వచ్చిన ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ ఇది.

ఇన్‌స్టాల్‌కి అడ్మిన్ పాస్‌వర్డ్ అక్కర్లేదు, ఆఫీసు మెషీన్‌లో అదే పెద్ద సౌకర్యం. ఆల్ట్+స్పేస్ నొక్కి ‘వీఎస్‌సీ’ అన్న మూడు అక్షరాలు కొడితే విజువల్ స్టూడియో కోడ్ పైకొస్తుంది. ఎంటర్‌తో తెరుచుకుంటుంది, కంట్రోల్+షిఫ్ట్+ఎంటర్ కొడితే అడ్మిన్‌గా. 18500*12/100 అని కొడితే 2220 అక్కడే కనిపిస్తుంది, ఎంటర్‌తో కాపీ అవుతుంది. మీరు ఎక్కువగా ఎంచుకునేవి నాలుగు రోజుల్లో తమంతట తామే పైకి చేరతాయి.

పేచీ ముందు ఆ ఆల్ట్+స్పేస్ దగ్గరే. మైక్రోసాఫ్ట్ వాళ్ల లాంచర్ పవర్‌టాయ్స్ రన్‌దీ మొదట్నుంచీ అదే కీ. ముందు లేచి పట్టుకున్నదానిదే రాజ్యం, రెండోది మూగబోతుంది. కీ మార్చేటప్పుడు కంట్రోల్+స్పేస్ జోలికి మాత్రం వెళ్లకండి, ఎక్సెల్‌లో నిలువు వరుసను సెలెక్ట్ చేసేది అదే. విండోస్+స్పేస్ భాష మార్చడానికి కావాలి. కంట్రోల్+ఆల్ట్+స్పేస్ కాస్త దూరమైనా గొడవ తక్కువ.

ఇక ఫైళ్లు. ‘డీ డ్రైవ్‌లో ఉన్న ఫైలు దొరకట్లేదు’ అని చాలామంది దీన్ని తీసేస్తారు. తప్పు లాంచర్‌ది కాదు. మామూలుగా అది విండోస్ ఇండెక్స్‌ని (విండోస్ ముందే తయారుచేసి పెట్టుకున్న ఫైళ్ల పట్టికని) అడుగుతుంది, ఆ ఇండెక్స్ క్లాసిక్ మోడ్‌లో డాక్యుమెంట్స్, పిక్చర్స్, డెస్క్‌టాప్ లాంటివాటితోనే సరిపెట్టుకుంటుంది. వాయిడ్‌టూల్స్ వాళ్ల ఎవ్రీథింగ్ (ఫైళ్లను పేరుతో వెతికే ప్రోగ్రామ్, ఇదీ ఉచితమే, 1.4 స్టేబుల్ చాలు) వేసి, ఫ్లో సెట్టింగుల్లో ప్లగిన్స్ (అదనపు పనులకు జోడించే చిన్న భాగాలు), ఎక్స్‌ప్లోరర్‌కి వెళ్లి ఇండెక్స్ సెర్చ్ ఇంజన్‌గా దాన్ని ఎంచుకోండి. ఎన్‌టీఎఫ్ఎస్ (విండోస్ డ్రైవులకు మామూలుగా ఉండే ఫార్మాట్) డ్రైవుల్లో ఎవ్రీథింగ్ ఫైళ్ల పట్టికనే నేరుగా చదువుతుంది కాబట్టి లక్షల ఫైళ్లున్నా పేరు కొడుతుండగానే వచ్చేస్తుంది. ఎఫ్ఏటీ32 పెన్‌డ్రైవ్‌లకు, నెట్‌వర్క్ ఫోల్డర్లకు ఈ కిటుకు చెల్లదు, వాటిని ఎవ్రీథింగ్‌లో ఫోల్డర్లుగా విడిగా చేర్చాలి. ఎవ్రీథింగ్ వెనకాల నడుస్తూ ఉండాలి, అది మూసుకుపోతే ఫైళ్ల ఫలితాలూ పోతాయి.

ఇన్‌స్టాల్ అక్కర్లేని పోర్టబుల్ ప్రోగ్రాములు స్టార్ట్ మెనూలో ఉండవు కనుక కనబడవు. ప్రోగ్రామ్ ప్లగిన్‌లో వాటి ఫోల్డర్‌ని చేర్చండి, అంతేగానీ డ్రైవ్ మొత్తాన్ని కాదు. అలా చేస్తే అన్‌ఇన్‌స్టాల్ ఫైళ్లు, సెటప్ ఫైళ్లు గుంపుగా వచ్చి పడతాయి. అన్‌ఇన్‌స్టాలర్లను దాచే టిక్కు అక్కడే ఉంది.

తెలుగులో టైప్ చేసేవాళ్లకు ఇంకో చిక్కు. వర్డ్‌లో తెలుగు కీబోర్డు ఆన్‌లో ఉండగా లాంచర్ తెరిస్తే కొట్టేవన్నీ తెలుగు అక్షరాలే, ఫలితం సున్నా. ఎప్పుడూ ఇంగ్లిష్‌లోనే మొదలుపెట్టే సెట్టింగు జనరల్‌లో ఉంది. అది పెట్టినా మారకపోతే ఓసారి విండోస్+స్పేస్ కొట్టడమే.

కొత్త ప్లగిన్‌కి ‘పీఎం ఇన్‌స్టాల్’ అని కొట్టి పేరు ఇస్తే చాలు. కొన్నిటికి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష కావాలి, లేకపోతే ఫ్లోనే దించుకుంటానని అడుగుతుంది. ఆఫీసు ఫైర్‌వాల్ ఆ డౌన్‌లోడ్‌ని అడ్డుకుంటే, మెషీన్‌లో ఉన్న పైథాన్ ఎక్కడుందో సెట్టింగుల్లో చూపించాలి. ఎడాపెడా ప్లగిన్లు ఎక్కిస్తే ప్రతి అక్షరానికీ అన్నీ లేచి వెతుకుతాయి. అందుకే అరుదుగా వాడేవాటికి విడిగా యాక్షన్ కీవర్డ్ (ముందు అది కొడితేనే ఆ ప్లగిన్ పనిచేసే పదం) పెట్టండి.

మెమరీ మాత్రం కీపిరిన్హా కంటే బాగానే తింటుంది. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ అయితే ఐఎన్ఐ ఫైళ్ల బాధ పడైనా నేను కీపిరిన్హానే పెడతాను.