నల్లగొండలో ఎమర్జెన్సీ సీటీ: మిషన్ మంచిదే, సూది దగ్గరే చిక్కు

నల్లగొండ టౌన్‌లోని ఒక స్కానింగ్ సెంటర్‌లో ఉన్న 128 స్లైస్ సీటీ స్కాన్ మిషన్ (ఒక్క చుట్టులో 128 పొరల చిత్రాలు తీసేది) గురించి ఈ రివ్యూ. ఎమర్జెన్సీ కేసుల వరకే.

పక్షవాతానికి ఇక్కడికి ధైర్యంగా పంపొచ్చు. ముందు కాంట్రాస్ట్ (రక్తనాళాలు స్పష్టంగా కనబడేలా నరంలోకి ఎక్కించే మందు) లేకుండా తల స్కాన్ చేస్తారు. రక్తస్రావం లేదని తేలగానే, పేషెంట్‌ను టేబుల్ దించకుండానే ఛాతీ పైభాగం నుంచి నడినెత్తి దాకా యాంజియోగ్రామ్ (కాంట్రాస్ట్ ఎక్కించి రక్తనాళాలు చూసే స్కాన్) తీస్తారు. మెదడు నాళంలోని రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు లక్షణాలు మొదలైనప్పటి నుంచి 4.5 గంటలే గడువు కాబట్టి, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు కోసం ఆగకపోవడం సరైన పనే.

చిక్కంతా సూది దగ్గర. చిన్న ఆస్పత్రుల నుంచి వచ్చేవాళ్లకు చేతి వెనక నీలం రంగు 22 గేజ్ కాన్యులా (నరంలో ఉంచే సన్న గొట్టం; గేజ్ అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నం) ఉంటుంది. యాంజియోగ్రామ్‌కు సెకనుకు 4 నుంచి 5 మి.లీ. వేగంతో కాంట్రాస్ట్ వెళ్లాలి. ఆ వేగానికి సన్న నరం చిట్లితే మందు చర్మం కిందికి పోయి చెయ్యి ఉబ్బుతుంది, స్కాన్ దండగవుతుంది. కుడి మోచేతి మడతలో ఆకుపచ్చ 18 గేజ్, కుదరకపోతే గులాబీ 20 గేజ్ వేయాలి. 10 మి.లీ. సెలైన్ వేగంగా తోసి, వాపు రాలేదని చూశాకే కాంట్రాస్ట్ తోసే ఇంజెక్టర్‌ మిషన్‌కు కలపాలి. రాత్రి షిఫ్టులో ఇది చేయట్లేదు. పాత కాన్యులాతోనే వేగం తగ్గించి కానిచ్చేస్తున్నారు. అలా చేస్తే ధమనిలో మందు పలచబడి, సన్న కొమ్మల్లోని గడ్డ కంటికి ఆనదు. ఇది మాత్రం క్షమించరానిది.

ఊపిరితిత్తుల్లో గడ్డ కోసం తీసేటప్పుడు మిషన్‌లోని రికార్డు గొంతు ‘గట్టిగా గాలి పీల్చి ఆపండి’ అంటుంది. అలా పీలిస్తే పొట్ట వైపు నుంచి కాంట్రాస్ట్ లేని రక్తం ఒక్కసారిగా గుండెకు చేరుతుంది, ధమనులు సరిగా నిండవు. ‘మామూలుగా పీల్చి ఆపండి’ అని మారిస్తే చాలు.

మెడ స్కాన్ రిపోర్టులు మాత్రం మెచ్చుకోవాలి. మర్రిగూడ, చండూరు వైపు ఫ్లోరోసిస్ ఉన్న పెద్దవాళ్లకు ఎముక గట్టిపడి, ఎముకలను కలిపే లిగమెంట్లు ఎముకలా మారి, వెన్నుపాము దారి ఇరుకవుతుంది. బండి మీంచి పడితే ఎముక విరక్కపోయినా వెన్నుపాము నలగొచ్చు. ఇక్కడి రేడియాలజిస్టు ‘ఫ్రాక్చర్ లేదు’ అని వదిలేయకుండా ఆ దారి వెడల్పు మిల్లీమీటర్లలో రాస్తున్నారు, కాళ్లుచేతులు తిమ్మిరెక్కితే ఎంఆర్ఐ చేయించమని చెబుతున్నారు.

హైదరాబాద్‌కు తీసుకెళ్లేవాళ్లు ఫిల్మ్ ఒక్కటే తీసుకుని బయల్దేరొద్దు. డైకామ్ ఫైళ్లు (స్కాన్ అసలు డిజిటల్ చిత్రాలు) ఉన్న సీడీ అడిగి తీసుకోండి. ఫిల్మ్‌ను ఫోన్‌లో ఫొటో తీసి పంపితే అక్కడి డాక్టరు విండో (చిత్రంలో నలుపు తెలుపుల స్థాయి) మార్చి చూడలేరు, మళ్లీ స్కాన్ చేయాల్సి వస్తుంది.