వైర్‌లెస్ కీబోర్డ్ కొన్నారా? రిటర్న్ గడువు దాటకముందే ఇవి చూసేయండి

ఊరూపేరూ లేని వైర్‌లెస్ కీబోర్డ్-మౌస్ కాంబో సెట్లు కొనేవాళ్లు జాగ్రత్త. మొదట్లో బాగానే ఉంటాయి. తర్వాత అక్షరాలు మింగడం మొదలవుతుంది. ఒక్కోసారి ఒకే అక్షరం ఆగకుండా పడిపోతుంది, మౌస్ కదులుతున్నా కీబోర్డ్ మాత్రం ఉలకదు పలకదు. సెల్లర్‌కి చెబితే ‘సెల్లు మార్చి చూడండి’ అంటారు. మార్చాక ‘డాంగుల్ (యూఎస్‌బీ పోర్టులో పెట్టే బుల్లి రిసీవర్) తీసి మళ్లీ పెట్టండి’, ఆ తర్వాత ‘విండోస్ అప్‌డేట్ చేయండి’, ఆ పైన ‘ఇంకో రెండు రోజులు వాడి చెప్పండి’. ఈ వాయిదాల్లోనే రిటర్న్ గడువు కాస్తా దాటిపోతుంది. ఇక మిగిలేది వారంటీ, అందులో వచ్చేది కూడా అలాంటి సెట్టే. కాబట్టి తప్పు కీబోర్డ్‌దా, మన డెస్క్‌టాప్‌దా అన్నది వాళ్ల మీద వదిలేయకుండా మనమే తేల్చుకోవాలి. ఒక్క పూట పని.

ముందు ఏ కీలు మిస్ అవుతున్నాయో గమనించండి. ఎప్పుడూ అవే ఒకటి రెండు కీలు పడకపోతుంటే అది సిగ్నల్ సమస్య కాదు, ఆ కీల కింద కాంటాక్ట్ సరిగా లేదు. కొన్ని కీలు గుంపుగా ఒకేసారి చచ్చిపోతే లోపల కీల కింద ఉండే పల్చటి ప్లాస్టిక్ షీట్ (మెంబ్రేన్) మీద ఒక లైను తెగిందన్నమాట. ఒకే కీ ఒక్క నొక్కుకి రెండుసార్లు పడుతున్నా కీబోర్డ్‌దే లోపం. వీటికి సెట్టింగుల్లో మందు లేదు, ఆలస్యం చేయకుండా రిటర్న్ పెట్టేయండి. ఏ కీ అన్న లెక్క లేకుండా, ఎప్పుడు పడితే అప్పుడు మిస్ అవుతుంటేనే సిగ్నల్‌ని అనుమానించాలి.

అక్షరం ఆగకుండా పడటం కూడా సిగ్నల్ గొడవే. కీ నొక్కినప్పుడు ఒక సందేశం, వదిలినప్పుడు ఇంకో సందేశం కీబోర్డ్ నుంచి వెళ్తాయి. రెండోది దారిలో పోతే, కంప్యూటర్ లెక్కలో ఆ కీ ఇంకా నొక్కి ఉన్నట్టే. అది అక్షరాన్ని రిపీట్ చేస్తూ పోతుంది. బ్యాక్‌స్పేస్ దగ్గర ఇలా జరిగితే పేరాకి పేరా ఊడ్చుకుపోతుంది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ లేఅవుట్‌లో తెలుగు టైప్ చేసేవాళ్లకి ఇంకో బాధ: పొల్లు వేసే ‘డి’ కీ ఒక్కసారి మిస్సయితే ‘భక్తి’ కాస్తా ‘భకతి’ అయి కూర్చుంటుంది. కాసేపు ఆపి మళ్లీ మొదలుపెట్టినప్పుడు తొలి అక్షరం మాత్రమే పోతుంటే అది కీబోర్డ్ నిద్రలోంచి లేవడంలో జాప్యం. మంచి కీబోర్డులు ఆ తొలి నొక్కును దాచుకుని పంపుతాయి, చౌకవి వదిలేస్తాయి. దానికి మన చేతిలో ఏమీ లేదు.

కీబోర్డ్‌ని తిట్టేముందు విండోస్‌లో ఫిల్టర్ కీస్ ఆన్ అయి లేదు కదా అని చూడండి. కుడివైపు షిఫ్ట్‌ని 8 సెకన్లు నొక్కి ఉంచితే దాన్ని ఆన్ చేయమంటారా అని అడుగుతుంది. చదవకుండా ఎంటర్ కొట్టారంటే, ఇక త్వరగా నొక్కి వదిలిన కీలను విండోస్ కావాలనే పట్టించుకోదు. అచ్చం పాడైన కీబోర్డ్‌లాగే ఉంటుంది. విండోస్ 11లో సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ, కీబోర్డ్‌లోకి వెళ్లి ఆపేయవచ్చు.

తర్వాత సెల్లు. పెట్టెలో ఉచితంగా వచ్చే సెల్లు పక్కన పడేసి కొత్త ఆల్కలైన్ సెల్లు వేయండి. మల్టీమీటర్ ఉంటే కొత్త ఆల్కలైన్ సెల్ 1.5 వోల్టులు, ఆ పైన కాస్త చూపిస్తుంది. రీచార్జబుల్ నికెల్ సెల్లు మామూలుగానే 1.2 వోల్టుల దగ్గర ఉంటాయి కాబట్టి కొన్ని కీబోర్డుల్లో ఛార్జ్ ఉండగానే లో-బ్యాటరీ లైటు వెలుగుతుంది, అది లోపం కాదు. పాత సెల్‌తో కొత్త సెల్ కలిపి వేయకండి. అన్నిటికన్నా ముఖ్యం స్ప్రింగ్. కీబోర్డ్‌ని బల్ల మీద నెమ్మదిగా తట్టండి. తట్టినప్పుడల్లా ఆన్ లైటు మిణుకుమంటే సెల్ గూట్లో పట్టు లేదు, తయారీలోనే లోపం. స్ప్రింగ్ దగ్గర కాగితం మడిచి పెట్టి సర్దుకోవడం చాలామంది చేసే పని. గడువు ఉండగా ఆ తిప్పలు దేనికి?

ఇక అసలు దొంగ. ఇది తెలియక మంచి కీబోర్డులను కూడా వెనక్కి పంపేస్తున్నారు. యూఎస్‌బీ 3 పోర్టు, దాని కేబుల్, దానికి తగిలించిన హార్డ్ డిస్క్ లేదా పెన్ డ్రైవ్ పనిచేస్తున్నప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల రేడియో రొద పుడుతుంది. సరిగ్గా డాంగుల్ వినేది కూడా అక్కడే. ఇంటెల్ సంస్థ 2012లోనే దీని మీద ఒక పత్రం విడుదల చేసింది. డాంగుల్‌ని క్యాబినెట్ వెనక నీలం రంగు (యూఎస్‌బీ 3) పోర్టులో, పక్కనే ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ ఉన్న చోట పెడితే జాతరలో గుసగుసలు వినమన్నట్టే. పైగా రేకు క్యాబినెట్ మొత్తం కీబోర్డ్‌కీ డాంగుల్‌కీ మధ్య అడ్డం.

పరీక్ష ఇలా చేయండి. యూఎస్‌బీ 3 హార్డ్ డిస్కులు, హబ్బులు అన్నీ పీకేయండి. సాధారణంగా నల్లగానో తెల్లగానో ఉండే యూఎస్‌బీ 2 పోర్టుకి మీటరు పొడవు యూఎస్‌బీ 2 ఎక్స్‌టెన్షన్ కేబుల్ తగిలించి, డాంగుల్‌ని బల్ల మీదకి తెచ్చి, కీబోర్డ్‌కి 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో పెట్టండి. మధ్యలో మానిటర్ స్టాండ్, స్పీకర్ లాంటివి ఉండకూడదు. నోట్‌ప్యాడ్‌లో ఓ పది నిమిషాలు గబగబా టైప్ చేయండి. ఒక్క అక్షరం పోకపోతే కీబోర్డ్‌ది తప్పు కాదు, ఆ కేబుల్ అలాగే ఉంచేయండి. ఇంత దగ్గరలో, ఇంత నిశ్శబ్దంలో కూడా అక్షరాలు పోతున్నాయంటే ఇక ఆ సెట్‌ని భరించనక్కర్లేదు. పెట్టె మీద రాసే ‘10 మీటర్ల రేంజ్’ అడ్డంకులేమీ లేని చోట మాట. బల్ల కింద క్యాబినెట్ ఉన్న గదికి అది వర్తించదు.

వైఫై రౌటర్ క్యాబినెట్ మీదే పెట్టి ఉంటే ఓ మీటరైనా పక్కకి జరపండి. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి మారిస్తే 2.4లో రద్దీ తగ్గుతుంది.

కీబోర్డ్ కాసేపు పూర్తిగా ఆగిపోయి, డాంగుల్ తీసి పెడితే మళ్లీ బతుకుతుంటే పవర్ సేవింగ్‌ని చూడండి. డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్ ప్రాపర్టీస్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపేయవచ్చు అన్న గడిలో టిక్ తీసేయండి. పవర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్‌ని కూడా డిజేబుల్ చేయండి. కంప్యూటర్ ఆన్ చేశాక బయోస్‌లోకి (విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగుల తెర) వెళ్లే కీ పనిచేయకపోతే అది వేరే సంగతి: బయోస్‌లో ఫాస్ట్ బూట్ ఆన్‌లో ఉంటే యూఎస్‌బీ పరికరాలు మేల్కొనేలోపే ఆ దశ దాటిపోవచ్చు. బ్లూటూత్ కీబోర్డ్ అయితే విండోస్ లోడ్ అయ్యేదాకా చాలా కంప్యూటర్లలో అసలు పనిచేయదు. అందుకే పాతదైనా సరే, ఒక వైరు కీబోర్డ్ దగ్గర ఉంచుకోండి.

బ్లూటూత్ కీబోర్డ్ కొన్న డెస్క్‌టాప్ వాళ్లకి ఇంకో మాట. వైఫై ఉన్న మదర్‌బోర్డులతో రెండు చిన్న యాంటెన్నాలు వస్తాయి. నెట్ కేబుల్ వాడేవాళ్లు ‘వైఫై మనకెందుకు’ అని వాటిని పెట్టెలోనే వదిలేస్తారు. సాధారణంగా బ్లూటూత్ కూడా ఆ యాంటెన్నాల మీదే నడుస్తుంది. క్యాబినెట్ వెనక ఖాళీగా మెరుస్తున్న రెండు ఇత్తడి మరలు కనిపిస్తే ముందు యాంటెన్నాలు బిగించండి, రివ్యూ తర్వాత రాయవచ్చు.

కొనేముందు అడగాల్సిన ప్రశ్న మాత్రం రేంజ్ గురించి కాదు. డాంగుల్ పోతే ఏం చేయాలి? చాలా చౌక సెట్లలో డాంగుల్, కీబోర్డ్ ఫ్యాక్టరీలోనే జత కట్టి వస్తాయి. మళ్లీ పెయిరింగ్ చేసే సాఫ్ట్‌వేర్ ఉండదు, డాంగుల్ విడిగా దొరకదు. గోరంత డాంగుల్ పోతే కీబోర్డ్ మొత్తం చెత్తబుట్టకే. పేరున్న వాటిలోనూ చూసి కొనండి: లాజిటెక్ యూనిఫయింగ్ రిసీవర్‌కి 6 పరికరాల దాకా జత చేయవచ్చు, కానీ 2021లో వచ్చిన లాజి బోల్ట్ రిసీవర్‌తో పాత యూనిఫయింగ్ కీబోర్డ్ కలవదు. రెండూ చూడటానికి ఇంచుమించు ఒకేలా ఉంటాయి, మీద గుర్తు చూడండి.

ఇంకా పెద్ద ప్రమాదం కంటికి కనిపించనిది. 2016లో బాస్టిల్ అనే భద్రతా సంస్థ ‘కీస్నిఫర్’ పేరుతో ఒక లోపాన్ని బయటపెట్టింది. కొన్ని కంపెనీల చౌక వైర్‌లెస్ కీబోర్డులు నొక్కిన ప్రతి కీని ఎన్‌క్రిప్షన్ (ఇతరులు చదవలేని రహస్య సంకేతంగా మార్చడం) లేకుండా గాల్లోకి పంపుతున్నాయి. 250 అడుగుల దూరం నుంచి కూడా వాటిని పట్టుకోవచ్చని చూపించింది. అలాంటివాటికి ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ కూడా లేదు, మార్చుకోవడమే దారి. స్పెసిఫికేషన్లలో 128 బిట్ ఏఈఎస్ ఎన్‌క్రిప్షన్ అన్న మాట లేని కీబోర్డ్ మీద బ్యాంకు పాస్‌వర్డులు కొట్టకండి.

రిటర్న్ పెట్టేటప్పుడు ‘సరిగా పనిచేయట్లేదు’ అని రాస్తే మళ్లీ సెల్లు మార్చమనే జవాబే వస్తుంది. కొత్త సెల్లు వేయడం, డాంగుల్ 30 సెంటీమీటర్ల దూరంలో ఉండటం, వేళ్లు, నోట్‌ప్యాడ్ తెర అన్నీ ఒకే ఫ్రేములో కనిపించేలా నిమిషం వీడియో తీయండి. అదే కంప్యూటర్‌లో వైరు కీబోర్డ్ బాగా పనిచేయడం, ఈ సెట్ ఇంకో కంప్యూటర్‌లో కూడా ఇలాగే ఏడవడం మరో వీడియోగా తీస్తే వాళ్లకి సాకు మిగలదు. పంపేముందు సెల్లు తీసేయండి. డాంగుల్‌ని మాత్రం కంప్యూటర్‌లో మరిచిపోకుండా మౌస్ అడుగున ఉండే గూట్లో పెట్టి, అది కనిపించేలా ఒక ఫొటో తీసి పెట్టుకోండి. డాంగుల్ లేదన్న కారణంతో రిటర్న్ తిప్పికొట్టడం మామూలే.