శోధగంగలో ఉచితంగా దొరికే సిద్ధాంత గ్రంథాలను డబ్బిచ్చి కొనకండి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల తోటి పరిశోధక విద్యార్థులకు మనవి. గత నెలలో నేను రూ.3,500 పోసి ఏడు సిద్ధాంత గ్రంథాల (పీహెచ్‌డీ థీసిస్‌ల) పీడీఎఫ్‌లు కొన్నాను. అవన్నీ, మన దేశ విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ గ్రంథాలను ఆన్‌లైన్‌లో ఉంచే శోధగంగలో ఉచితంగా చదువుకోగలిగినవేనని తర్వాత తెలిసింది. మీలో మరొకరు ఇలా నష్టపోకూడదని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నెల్లూరు తీరంలో రొయ్యలు సాగు చేసే చిన్న రైతుల అప్పులు నా పరిశోధనాంశం. పూర్వ పరిశోధనల సమీక్ష కోసం శోధగంగలో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం పేరు కింద వెతికితే నాకు కావలసినవి కనబడలేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే మా వాట్సాప్ గ్రూపులోకి "ఎక్కడా దొరకని థీసిస్‌లు, ఒక్కొక్కటి రూ.500" అంటూ ఒక జాబితా వచ్చింది. అందులో మన తీర గ్రామాల పేర్లున్న శీర్షికలు చూసి, గైడు గారిని ఒక్క మాటైనా అడగకుండా ఫోన్‌పేలో డబ్బు పంపేశాను.

వచ్చిన ఫైళ్లలో ముఖపత్రాలు, ధ్రువపత్రాలు తీసేసి ఉన్నాయి. రెండింటిలో చివరి అధ్యాయాలే లేవు. ఏ విశ్వవిద్యాలయానికి, ఏ సంవత్సరంలో సమర్పించారో తెలియని గ్రంథాన్ని ఉపయుక్త గ్రంథసూచిలో ఎలా చూపగలం? ఆ మాట అడిగితే అమ్మిన వ్యక్తి నా నంబరును బ్లాక్ చేశాడు.

విషయం విన్న గైడు గారు, విశ్వవిద్యాలయం పేరు ఎంచుకోకుండా, జాబితాలోని శీర్షికలనే ఇచ్చి నాచేత మళ్లీ వెతికించారు. ఏడూ పూర్తి అధ్యాయాలతో కనిపించాయి. పొరపాటు ఎక్కడ జరిగిందో అప్పుడు అర్థమైంది. సింహపురి విశ్వవిద్యాలయం ఏర్పడింది 2008లో. అంతకు ముందు నెల్లూరు జిల్లా కళాశాలలు తిరుపతిలోని శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం కింద ఉండేవి. ప్రకాశం జిల్లా కళాశాలలేమో చాలాకాలం ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం కింద ఉండేవి. కాబట్టి మన ఊళ్ల మీద జరిగిన పరిశోధన ఎక్కువగా ఆ పేర్ల కిందే ఉంటుంది. నెల్లూరు, ఒంగోలు, కావలి వంటి పేర్లను ఇంగ్లీషులో రకరకాల స్పెల్లింగులతో కూడా వెతకండి.

శోధగంగను నడిపేది గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం. పీహెచ్‌డీ గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతిని విశ్వవిద్యాలయాలు అందించాలని యూజీసీ 2009 నిబంధనల్లోనే చెప్పింది. అక్కడి గ్రంథాలను ఇతరులు ఏ షరతులపై వాడుకోవచ్చో చెప్పే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు వాటిని వ్యాపారానికి వాడుకోవడాన్ని అనుమతించదు. ఏళ్ల తరబడి ఊరూరా తిరిగి రాసిన పరిశోధకుల పేర్లనే చెరిపేసి, వారి శ్రమను అమ్ముకోవడం నన్ను డబ్బు పోయినదానికన్నా ఎక్కువగా బాధపెట్టింది.

ఏదైనా గ్రంథం అక్కడ నిజంగానే లేకపోతే, దాన్ని సమర్పించిన విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి రాయండి, లేదా మీ కళాశాల లైబ్రేరియన్ గారిని అడగండి. ఇప్పటికే ఇలా డబ్బు కట్టినవారు చెల్లింపు రసీదు, సంభాషణల స్క్రీన్‌షాట్లు చెరిపేయకుండా దాచుకుని సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. నేను నిన్ననే ఫిర్యాదు నమోదు చేశాను.